యుద్ధరంగం నుంచి ఇంటికొచ్చిన సైనికుడికి తోడు నిలవడం ఎలా

సైనికుడు ఇంటికి చేరిన రోజు చుట్టూ అందరూ ఉంటారు. ఎదురెళ్లి తీసుకొచ్చేవాళ్లు, ఫోన్లు చేసేవాళ్లు, చూసి పోదామని వచ్చేవాళ్లతో ఇల్లు నిండిపోతుంది. మూడు నెలలు తిరిగేసరికి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. కష్టం చాలామందిలో సరిగ్గా అప్పుడే బయటపడుతుంది.

ఇరాక్ నుంచి తిరిగొచ్చిన 88,235 మంది అమెరికన్ సైనికులను రాగానే ఒకసారి, కొన్ని నెలల తర్వాత మరోసారి ప్రశ్నించి చూసిన అధ్యయనం 2007లో వెలువడింది. పూర్తికాలపు సైనికుల్లో పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు) లక్షణాలు కనిపించినవాళ్లు మొదటిసారి 11.8 శాతం, రెండోసారి 16.7 శాతం. మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ పిలిచినప్పుడు వెళ్లే రిజర్వ్ దళాల వాళ్లలో 12.7 నుంచి 24.5 శాతానికి పెరిగింది. ఇంట్లోవాళ్లతోనో స్నేహితులతోనో గొడవలవుతున్నాయని చెప్పినవాళ్ల సంఖ్య ఇంకా వేగంగా పెరిగింది. పూర్తికాలపు వాళ్లలో 3.5 నుంచి 14 శాతానికి, రిజర్వ్ వాళ్లలో 4.2 నుంచి 21.1 శాతానికి చేరింది. రాగానే చేసిన పరీక్షలో "బాగానే ఉన్నాను" అన్న మనిషి ఆరు నెలలకు బాగుండకపోవచ్చు. అందుకే ఈ గైడ్ మొదటి వారంతో ఆగదు, ఏడాది దాకా ఏం చేయాలో చెబుతుంది.

ఇది భార్య, భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువులు, దగ్గరి స్నేహితుల కోసం రాసింది. వీలుగా ఉంటుందని "అతను" అంటున్నాం. మహిళా సైనికులకూ ఇవే వర్తిస్తాయి.

ముందుగా తెలుసుకోవాల్సింది: తోడు అరిగిపోతుంది

భయంకరమైన అనుభవాల తర్వాత పీటీఎస్‌డీ ఎవరికి వస్తుందో అంచనా వేయడానికి 77 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2000లో వచ్చింది. సంఘటన తర్వాత తోడు లేకపోవడం అందులో అన్నిటికన్నా బలమైన కారణాల్లో ఒకటిగా తేలింది. చిన్ననాటి కష్టాలు, చదువు, వయసు లాంటి వాటికన్నా దాని ప్రభావమే ఎక్కువ. ముందు జరిగినదాన్ని మనం మార్చలేం. తర్వాత పక్కన ఎవరుంటారన్నది మాత్రం మన చేతిలో ఉంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వియత్నాం యుద్ధం నుంచి వచ్చి పీటీఎస్‌డీతో బాధపడినవాళ్లను 1980లలో పరిశీలించినప్పుడు, సైన్యంలో చేరేనాటికి వాళ్లకూ మిగతావాళ్లలాగే మనుషులున్నారని తెలిసింది. తిరిగొచ్చాకే ఒక్కొక్కరుగా దూరమయ్యారు. జబ్బు మనిషిని చిరాకుపరుడిగా, మాట్లాడనివాడిగా, పిలిస్తే రానివాడిగా మారుస్తుంది. నాలుగుసార్లు పిలిచి రాకపోతే ఐదోసారి ఎవరూ పిలవరు. "నేను ఎవరికీ అక్కర్లేదు" అనే అతని అనుమానం అప్పటికి నిజమై కూర్చుంటుంది. మీ అసలు పని ఈ అరుగుదలను ఆపడం. అతని మనసు విప్పించడం అంత అవసరం కాదు.

రావడానికి వారం ముందు

మొదటి మూడు రోజులు ఎవరెవరు రావచ్చో అతన్నే అడగండి. "అందరూ వద్దామనుకుంటున్నారు, నీకెలా ఉంటే బాగుంటుంది?" అంటే "నీ ఇష్టం" అనేస్తాడు. రెండు దారులు చూపించి అడగండి: "మొదటి రోజు మనం నలుగురమే ఉందామా, లేక సాయంత్రం ఓ గంటసేపు మిగతావాళ్లనూ రమ్మందామా?" తెలియకుండా ఏర్పాటు చేసే విందులు వద్దు. తలుపు తీయగానే ముప్పై మంది అరవడం నెలల తరబడి చప్పుడుకు ఉలికిపడుతూ బతికిన శరీరానికి ఆనందంగా ఉండదు.

ఇంట్లో మారినవి ముందే చెప్పండి: మార్చిన గది, అమ్మేసిన బండి, పిల్లవాడి కొత్త బడి. డబ్బు లెక్కలు, నిర్ణయాలు ఇన్నాళ్లూ మీరే చూసుకుని ఉంటారు. అవన్నీ ఒక్కరోజులో అప్పగించకండి, పూర్తిగా మీ దగ్గరే అట్టిపెట్టుకోనూ వద్దు. మొదటి వారంలో ఒకటి, రెండో వారంలో మరొకటి అతని చేతికి రానివ్వండి. తిరిగొచ్చిన చాలామంది "నేను లేకపోయినా ఇల్లు నడిచిపోయింది" అనే మాట దగ్గర దెబ్బతింటారు. మీరు మెచ్చుకోలుగానే అన్నా అతనికి అది మరోలా వినిపిస్తుంది.

ఐదుగురి పట్టిక

ఒక కాగితం తీసుకుని ఐదు పనుల పక్కన ఐదు పేర్లు రాయండి. అన్ని పనులూ ఒక్కరి మీద, సాధారణంగా భార్య మీద, పడితే కొన్ని నెలలకు ఇద్దరూ కుప్పకూలే ప్రమాదం ఉంది.

మొదటి పేరు అతనితో పాటు పనిచేసిన మనిషిది. అక్కడేం జరిగిందో వివరించక్కర్లేని మనిషి. రిజర్వ్ సైనికుడు తిరిగి మామూలు ఉద్యోగంలో చేరిపోతాడు, యూనిట్ చెల్లాచెదురవుతుంది. అతనికి ఈ పేరు ఇంకా ముఖ్యం. ఒక హెచ్చరిక: వేధింపో లైంగిక దాడో యూనిట్ లోపలే జరిగి ఉంటే తోటి సైనికులు ఓదార్పు కారు, ఆ గాయానికి గుర్తులవుతారు. ఎవరి పేరు రాయాలో అతనే, లేదా ఆమే, చెప్పాలి.

రెండో పేరు పక్కపక్కన పనిచేసే మనిషిది. బండి బాగుచేయడం, నడక, మొక్కల పని లాంటివి ఉంటే చాలు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట చేతిలో పని ఉన్నప్పుడు వస్తుంది. వారానికి ఒకసారి, 40 నిమిషాలు, ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. "ఎప్పుడైనా రా" అన్నది పిలుపు కిందికి రాదు.

మూడో పేరు కాగితాల పని చూసే మనిషిది: సెలవులు, పింఛను, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, దరఖాస్తులు. ఏకాగ్రత కుదరని మనిషికి ఒక్క ఫారం కూడా కొండలా కనిపిస్తుంది. నాలుగో పేరు అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషిది. ముందే అడిగి ఒప్పించి రాసుకోండి. ఐదో పేరు అతని కోసం కాదు, మీ కోసం. అతని గురించి మీరు ఫిర్యాదు చేసుకున్నా తిరిగి అతనితో అనని మనిషి కావాలి.

వీళ్లందరికీ ఒకే నియమం చెప్పండి: జవాబు రాకపోయినా వారానికి రెండు మెసేజ్‌లు పంపాలి. ప్రశ్న ఉండకూడదు. "ఎలా ఉన్నావ్?" అన్నది జవాబు అడిగే మాట. ఇవ్వలేకపోతే సిగ్గుపడి ఇంకా దాక్కుంటాడు. "శనివారం ఆరింటికి నడకకు వెళ్తున్నా. మీ వీధి మొదట్లో ఐదు నిమిషాలు ఆగుతా. రాకపోయినా పర్వాలేదు, వచ్చే వారం కూడా ఆగుతా" అన్నట్టు ఉండాలి. ఆరు వారాలు రాకపోయినా ఏడో వారం ఆగాలి. ఆగలేని మనిషి పేరు ఈ పట్టికలో వద్దు.

వినడం

ఇది అందరూ తమకు వచ్చనుకునే పని. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే.

జరిగినదంతా ఒక్కసారి చెప్పేస్తే బరువు దిగిపోతుందని నమ్మి, వచ్చిన వారంలోనే కూర్చోబెట్టి చెప్పించేవాళ్లుంటారు. సంఘటన జరగగానే అందరినీ ఒకసారి కూర్చోబెట్టి వివరంగా మాట్లాడించే పద్ధతిని ఒకప్పుడు నిపుణులూ వాడారు. పరీక్షించి చూస్తే అది పీటీఎస్‌డీని ఆపలేదు, కొందరికి హాని కూడా చేసింది. ఇప్పుడు దాన్ని సిఫారసు చేయరు. చెప్పాలనుకున్నప్పుడు వినే మనిషి ఉండటం మంచిది. చెప్పమని లాగడం వేరే సంగతి.

అతను చెప్పడం మొదలుపెడితే చేయాల్సినవి కొన్నే. ఫోన్ పక్కన పెట్టండి. వరుస తప్పినా సరిచేయకండి. మౌనం వస్తే మనసులో పది లెక్కపెట్టేదాకా పూరించకండి. అతను ఆగిన చోటే మీరూ ఆగండి, "తర్వాతేమైంది?" అని ముందుకు నెట్టకండి. చివర్లో "చెప్పినందుకు మంచిదైంది. నేనిక్కడే ఉన్నా" అంటే చాలు. వింటూ మీకు ఏడుపొస్తే దాచక్కర్లేదు. కానీ అతనే మిమ్మల్ని ఓదార్చాల్సిన పరిస్థితి వస్తే మళ్లీ చెప్పడు. అలా అనిపిస్తే "ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం, రేపు మళ్లీ వింటా" అనండి, రేపు తప్పకుండా వినండి.

చెడగొట్టే మాటలు మనకు తెలిసినవే: "అయిపోయిందిగా, మర్చిపో." "నీకన్నా ఘోరం చూసినవాళ్లున్నారు." "నువ్వు ప్రాణాలతో వచ్చావు, అదే చాలు." "ఎంతమందిని చంపావ్?" తోడు లేకపోవడం కన్నా ఇలాంటి మాటలు ఎక్కువ నష్టం చేస్తాయి. లోకం తనను అర్థం చేసుకోదన్న అతని భయానికి అవి రుజువులవుతాయి. పిల్లలూ చుట్టాలూ ఆ చివరి ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "ఆ సంగతులు నేను మాట్లాడను" అనే ఒక్క వాక్యం ముందే అతనితో కలిసి తయారుచేసుకోండి. అతనికి నోరు పెగలకపోతే మీరు అనండి.

భయం కన్నా లోతైనది అపరాధ భావం. చేసినదాని గురించి, చేయలేకపోయినదాని గురించి, తను బతికి పక్కవాడు పోయినందుకు. దీన్ని నిపుణులు నైతిక గాయం అంటారు. వెంటనే "నీ తప్పేం లేదు" అనాలనిపిస్తుంది. ఆ మాట అక్కడ పనిచేయదు. ఏం జరిగిందో తెలియకుండా తీర్పు ఇచ్చేశారని అతనికి తెలుసు. దాని బదులు "ఆ క్షణంలో నీకేం తెలుసు? ఆలోచించడానికి ఎంత సమయం ఉంది?" అని నెమ్మదిగా అడగండి. తర్వాత తెలిసినవాటిని అప్పుడే తెలిసినట్టు ఊహించుకుని శిక్షించుకునే మనిషికి ఈ ప్రశ్న కొంచెం చోటిస్తుంది. అతను చెప్పింది నిజంగానే తప్పయితే కాదని వాదించకండి. విన్నాక కూడా మీరు లేచి వెళ్లిపోకపోవడం అతనికి అన్నిటికన్నా అవసరం.

రాత్రులు

నిద్రలేచే వేళను పట్టుకోండి, పడుకునే వేళ తర్వాత సర్దుకుంటుంది. ఎంతకు పడుకున్నా రోజూ ఒకే వేళకు, అరగంట తేడా మించకుండా, లేవాలి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం తర్వాత వద్దు. మద్యం నిద్ర పట్టిస్తుంది కానీ రాత్రి రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. రోజూ ఎక్కువగా తాగే మనిషిని మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి. చేతులు వణకడం, మూర్ఛలు, అయోమయం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

పీడకలలో ఉన్న మనిషిని ముట్టుకుని లేపకండి. చేయి అందనంత దూరంలో, మంచం కాళ్ల వైపు నిలబడి, లైటు వేసి, పేరు పెట్టి పిలవండి: "నువ్వు ఇంట్లో ఉన్నావు. నేను ఫలానా. మనం క్షేమంగా ఉన్నాం." కళ్లు తెరిచాక "ఏం కలొచ్చింది?" అని అడగకండి. నీళ్లివ్వండి, పాదాలు నేలకు ఆనించి కూర్చోమనండి, నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి ఆరు లెక్కపెట్టేంతసేపు వదలమనండి. ఐదు నిమిషాలు మీరూ కలిసి చేయండి. నిద్రలో చేయి విసిరి దెబ్బ తగులుతుంటే కొన్ని వారాలు వేరే మంచాల మీద పడుకోవడంలో తప్పు లేదు. ఎప్పటిదాకా అన్నది తేదీతో సహా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి, లేకపోతే అది వెలివేసినట్టు అనిపిస్తుంది. పడుకునే ముందు ఓ గంట కలిసి గడపడం మానకండి.

సాయం జబ్బుకు అందకుండా చూసుకోవడం

ప్రేమ ఉన్న ఇళ్లలోనే ఎక్కువగా జరిగే పొరపాటిది. జనంలోకి వెళ్తే అతనికి గుండె దడ. పాపం అని సరుకులు మీరే తెస్తారు. చప్పుడు పడదని పిల్లల్ని గుసగుసగా మాట్లాడమంటారు. పెళ్లికి పిలిస్తే "ఆయనకు ఒంట్లో బాలేదు" అని మీరే చెబుతారు. రాత్రి తలుపులు నాలుగుసార్లు చూస్తుంటే మీరూ ఒకసారి చూసొచ్చి "వేసే ఉంది" అంటారు. ఆ పూటకు అతనికి హాయిగానే ఉంటుంది. కానీ తప్పించుకున్న ప్రతిసారీ "వెళ్లి ఉంటే ఏదో అయ్యేది" అని మెదడు ఇంకాస్త గట్టిగా నేర్చుకుంటుంది. వెళ్లినా ఏమీ కాలేదని తెలుసుకునే అవకాశం పోతుంది. ఏడాదికి ఇల్లంతా అతని భయం చుట్టూ తిరగడం మొదలవుతుంది.

ఒక్కసారిగా రద్దీలోకి తోసేయడమూ పనికిరాదు. మెట్లు కట్టండి. అతను తప్పించుకుంటున్న పనులు పది రాయమనండి, ఒక్కోదాని పక్కన 0 నుంచి 10 వరకు ఎంత ఇబ్బందో అంకె వేయమనండి. 3 లేదా 4 దగ్గర మొదలుపెట్టాలి. ఉదాహరణకు పెద్ద దుకాణం:

1. రద్దీ లేని ఉదయం వేళ బయట నిలబడి పది నిమిషాలు ఉండటం.
2. అదే వేళ లోపలికెళ్లి ఒక్క వస్తువు కొని రావడం.
3. లోపల ఇరవై నిమిషాలు, గుమ్మానికి దూరంగా ఉన్న వరుసల్లో తిరగడం.
4. సాయంత్రం వేళ, మీరు పక్కన ఉండగా.
5. సెలవు రోజు సాయంత్రం, మీరు బయట బండి దగ్గర ఉండగా.

ఒక్కో మెట్టు వారానికి మూడు నాలుగుసార్లు చేయాలి. ఇబ్బంది అంకె దాదాపు సగానికి తగ్గాకే తర్వాతి మెట్టు ఎక్కాలి. ఇది చెడిపోయేది సాధారణంగా మూడు చోట్ల. ఇబ్బంది శిఖరాన ఉండగా బయటికి వచ్చేస్తే భయమే గెలిచినట్టవుతుంది, కాబట్టి అంకె కొంచెమైనా దిగేదాకా ఉండాలి. లోపల ఉన్నంతసేపూ ఫోన్లో తల దూర్చినా, గోడకు వీపు ఆనించి గుమ్మాన్నే చూస్తూ నిలబడినా మెదడు ఏమీ నేర్చుకోదు. మూడోది మీరు తొందరపెట్టడం. మెట్టు ఎప్పుడు ఎక్కాలో అతను చెప్పాలి. మళ్లీ యుద్ధరంగంలోనే ఉన్నట్టు ప్రవర్తించే ఫ్లాష్‌బ్యాక్‌లు వస్తుంటే, లేదా చచ్చిపోవాలనే ఆలోచనలుంటే, ఈ పని ఇంట్లో మొదలుపెట్టకండి. చికిత్సకుడితో కలిసి చేయాలి.

నిజంగా ప్రమాదకరమైన వాటిని తప్పించుకోవడం వేరు. బాంబులు పెట్టిన దారుల్లో నడిపినట్టు రోడ్డు మధ్యలో, వేగంగా బండి నడుపుతుంటే కొన్ని వారాలు స్టీరింగ్ మీరు తీసుకోండి.

కోపం, పిల్లలు

ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒప్పందం చేసుకోండి. గొంతు పెరుగుతోందనిపిస్తే ఇద్దరిలో ఎవరైనా "ఆగుదాం" అంటారు. అన్న మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పి, 30 నిమిషాలు బయట నడిచి, తప్పకుండా తిరిగొస్తాడు. ఆ అరగంటలో మద్యం, బండి నడపడం కుదరవు. తిరిగి రాకపోతే ఈ పద్ధతి మూడోసారికే పనిచేయడం మానేస్తుంది. రెండో మనిషి చేసే పొరపాటు, వెంట వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి మాట పూర్తిచేయాలనుకోవడం. దారి మూసుకుపోయిందనిపించడం అతని శరీరానికి పెద్ద ప్రమాద సంకేతం. గుమ్మం వదలండి.

చేయి చేసుకుంటే లెక్క మారుతుంది. జబ్బు కోపానికి కారణం చెబుతుంది, కొట్టడానికి అనుమతి ఇవ్వదు. మీరూ పిల్లలూ ముందు క్షేమమైన చోటికి వెళ్లండి, చికిత్స మాట తర్వాత.

చిన్నపిల్లలు నాన్న కోపానికి తామే కారణమనుకుంటారు. "నాన్న అక్కడ భయంకరమైనవి చూశాడు. పెద్ద చప్పుడైతే అవి గుర్తొస్తాయి. నీ వల్ల కాదు. డాక్టరు సాయం చేస్తున్నారు" అనే నాలుగు వాక్యాలు చాలు. టీనేజీ పిల్లలకు ఇంకొంచెం చెప్పొచ్చు, కానీ వాళ్లను కాపలాదారులుగా మార్చకండి.

30, 90, 180వ రోజు

మొదటి కొన్ని వారాల్లో నిద్ర చెదరడం, ఉలికిపాటు, ఇంట్లోనే పరాయిగా ఉండటం చాలామందిలో కనిపించి తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకుండా, పనికీ బంధాలకూ అడ్డుపడుతుంటే పీటీఎస్‌డీ అయ్యే అవకాశం ఉంది. చూడాల్సినవి నాలుగు గుంపులు: వద్దన్నా వచ్చే జ్ఞాపకాలు, పీడకలలు; గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం; లోకం మీదా తన మీదా నమ్మకం పోవడం, ప్రేమ కూడా అనిపించకపోవడం; ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం, కోపం, నిద్రలేమి. పూర్తి లక్షణాలు ఆరు నెలల తర్వాత బయటపడేవాళ్లూ ఉంటారు. అందుకే క్యాలెండర్‌లో మూడు తేదీలు ఇప్పుడే గుర్తుపెట్టండి.

ఆ తేదీల్లో పీసీఎల్-5 అనే ప్రశ్నావళిని అతనే నింపాలి. 20 ప్రశ్నలు, గడిచిన నెల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 80. సాధారణంగా 31 నుంచి 33, ఆపైన వస్తే నిపుణుడు చూడాలి. ఇది జబ్బును నిర్ధారించదు, తలుపు తట్టమని మాత్రం చెబుతుంది. తక్కువ మార్కులొచ్చినా ఇల్లు నడవకపోతే వెళ్లాల్సిందే. 10 మార్కుల లోపు తేడాను పెద్ద మార్పుగా తీసుకోకండి. పేలుడు దగ్గర ఉన్న మనిషికి తలనొప్పి, మతిమరుపు, వెలుతురు పడకపోవడం కూడా ఉంటే తలకు దెబ్బ తగిలిందేమో పరీక్ష చేయించాలి. రెండింటి లక్షణాలూ కలిసిపోతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఒప్పుకోకపోవడం మామూలే. బలహీనుడంటారని, తుపాకీ తీసేసుకుంటారని, ప్రమోషన్ పోతుందని భయం. "నీకు చికిత్స కావాలి" అనకండి. అతనికే బాధగా ఉన్నదాన్ని, ఎక్కువగా నిద్రను, పట్టుకోండి: "మూడు నెలలుగా నీకు నిద్ర లేదు. మంగళవారం పదింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఒక్కసారి వెళ్దాం, రెండోసారి సంగతి తర్వాత చూద్దాం." అడగడానికి భార్య కన్నా పట్టికలో మొదటి పేరు ఎక్కువ పనికొస్తుంది, ముఖ్యంగా తనూ చికిత్స తీసుకున్న మనిషైతే.

అమెరికా సైనిక, మాజీ సైనికుల వైద్య విభాగాల 2023 మార్గదర్శకాలు మందుల కన్నా ముందు మాటల చికిత్సనే సిఫారసు చేస్తాయి. జ్ఞాపకాన్ని పదేపదే క్షేమంగా ఎదుర్కొనే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి దాదాపు 90 నిమిషాలు. చిక్కుపడ్డ నమ్మకాలను విప్పే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సుమారు 12 సెషన్లు. మూడోది ఈఎండీఆర్, చికిత్సకుడు చెప్పినట్టు కళ్లను అటూ ఇటూ కదుపుతూ జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి. మందుల్లో సెర్‌ట్రలిన్, పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వాడతారు. వీటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపేయకూడదు. అల్ప్రజోలమ్, క్లోనజెపామ్ లాంటి మత్తు మందులను పీటీఎస్‌డీకి వాడొద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. మద్యంతో కలిస్తే అవి ఊపిరినే ఆపేయగలవు.

ఇంట్లోవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. చికిత్స మొదటి వారాల్లో కొందరికి కలలు, చిరాకు పెరుగుతాయి. "ఇది అతన్ని ఇంకా పాడుచేస్తోంది" అని ఇంట్లోవాళ్లే మాన్పించేది అప్పుడే. మాన్పించకండి. సెషన్ ఉన్న రోజు సాయంత్రం పనులు పెట్టకండి, చికిత్సకుడు ఇచ్చే హోంవర్క్‌కు అరగంట నిశ్శబ్దం ఇవ్వండి, లోపల ఏం మాట్లాడారని అడగకండి. పెరిగిన లక్షణాల సంగతి చికిత్సకుడికి చెప్పమనండి. ఇద్దరూ కలిసి వెళ్లే 15 సెషన్ల జంట చికిత్స కూడా ఉంది. పీటీఎస్‌డీ లక్షణాలనూ దాంపత్యాన్నీ రెండింటినీ అది బాగుచేసినట్టు 2012లో వచ్చిన ప్రయోగం చూపించింది.

ప్రాణం మీదికొచ్చినప్పుడు

వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకే హాయి" అనడం, చాలా రోజుల కల్లోలం తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతం కావడం కనిపిస్తే తిన్నగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే, ఎలా అన్నది ఆలోచించాడా, అది చేతికందేలా ఉందా అని అడగండి. ఒంటరిగా వదలకండి. మీ ప్రాంతపు అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆలోచన రావడానికీ ప్రయత్నించడానికీ మధ్య వ్యవధి చాలామందిలో చాలా తక్కువ. ఆ కాసేపు ఆయుధం అందకపోతే ప్రాణం నిలుస్తుంది. తుపాకీ కొన్ని నెలలు ఇంట్లో ఉండకపోవడం మేలు. చట్టం ఒప్పుకునే పద్ధతిలో నమ్మకస్తుడి దగ్గర ఉంచాలి. కుదరకపోతే గుళ్లు తీసి తాళం వేసి, గుళ్లను వేరే చోట తాళం వేసి, తాళంచెవులు మరొకరి దగ్గర ఉంచాలి. ఇది అతను బాగున్న రోజున, అతనితోనే మాట్లాడి చేయాలి. మందులు వారానికి సరిపడేవే ఇంట్లో ఉంచండి.

అలాంటి రోజునే ఒక కాగితం మీద వరుసగా ఆరు రాయించండి: పరిస్థితి చేయిదాటుతోందని తెలిపే గుర్తులు; ఒంటరిగా చేసుకోగలిగేవి; మనసు మళ్లించే మనుషులు, చోట్లు; సాయం అడగగలిగే మనుషులు; డాక్టరు, హెల్ప్‌లైన్, ఆసుపత్రి నంబర్లు; ఇంట్లోంచి తీసేయాల్సినవి. ఫొటో తీసి ఐదుగురి ఫోన్లలో ఉంచండి.

ఏడాది తిరిగేటప్పుడు

మిత్రుడు పోయిన తేదీ, దాడి జరిగిన తేదీ మీకు తెలిసుంటే క్యాలెండర్‌లో రెండు వారాల ముందు నుంచే గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో నిద్ర చెడటం, మాట తగ్గడం చికిత్స విఫలమైందనడానికి గుర్తు కాదు. ఐదుగురికీ ముందే చెప్పండి. ఆ రోజు ఎలా గడపాలనుకుంటున్నాడో అడగండి. యూనిట్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడటమా, పోయినవాడి ఇంటికి వెళ్లడమా, ఏమీ చేయకుండా పక్కన ఎవరో ఒకరు ఉండటమా? ఏమీ వద్దన్నా ఆ సాయంత్రం రెండో పేరున్న మనిషిని మామూలు నడక వేళకే వచ్చి వీధి మొదట్లో ఆగమనండి. మర్నాడు ఉదయం మీ ఐదో మనిషికి మీరు ఫోన్ చేయండి.